యూకేలో ‘ఉచిత’ హోమ్ చార్జర్ ఆఫర్ వస్తే ఎలా లెక్క చూసుకోవాలి?

యూకేలో ఎలక్ట్రిక్ కారు కొన్నా, ఆఫీసు ద్వారా శాలరీ శాక్రిఫైస్ లీజులో (పన్ను వేయకముందే జీతంలోంచి అద్దె కోసుకునే పద్ధతి) తీసుకున్నా ‘ఇంటికి చార్జర్ ఉచితం’ అనే ఆఫర్ ఎదురవుతూనే ఉంటుంది. కరెంటు కంపెనీ నేరుగా ఇవ్వొచ్చు, కార్ల కంపెనీతో కలిసి ఇవ్వొచ్చు. 7 కిలోవాట్ల చార్జర్‌ను మనమే కొని బిగించుకుంటే సుమారు వెయ్యి పౌండ్లవుతుంది కాబట్టి కొట్టిపారేసే ఆఫర్ కాదు. కానీ ఆ వెయ్యి ఎక్కడో ఒకచోట వసూలవుతుంది. యూనిట్ రేటులోనా, కాంట్రాక్టు షరతుల్లోనా, కారు ధరలోనా అన్నది సంతకానికి ముందే తేల్చుకోవాలి.

ముందు, అసలు చార్జర్ అవసరమా అని చూడండి. మామూలు త్రీ పిన్ ప్లగ్ నుంచి సుమారు 2.3 కిలోవాట్లు వస్తాయి. రాత్రి చౌక రేటు ఆరు గంటలు ఉంటే దాదాపు 14 యూనిట్లు, అంటే 45 మైళ్ల పైచిలుకు. రోజుకు ఇరవై మైళ్లు తిరిగేవారికి అది చాలు. అయితే ఆ సాకెట్‌ను, వైరింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం ఎప్పుడూ వాడకండి.

అవసరమే అనుకుంటే అసలు పని లెక్క. ప్రకటనలో చూపించే ఆదాను సాధారణంగా పెట్రోలుతోనో, బయటి చార్జింగ్ స్టేషన్లతోనో పోల్చి చూపిస్తారు. బయట చార్జింగ్ మీద వ్యాట్ 20 శాతం, ఇంటి కరెంటు మీద 5 శాతం. ఆ పోలికలో ఇంటి చార్జింగ్ ఎలాగూ గెలుస్తుంది. మనం పోల్చాల్సింది చార్జర్ ఇవ్వని కంపెనీ దగ్గర మనకు దొరికే, ఎలక్ట్రిక్ కార్లవారికి రాత్రి చౌక రేటు ఇచ్చే మంచి ఈవీ టారిఫ్‌తో.

పద్ధతి తెలియడానికి ఒక ఉదాహరణ వేస్తాను, రేట్లు ఊహించినవే. ఏడాదికి 7,000 మైళ్లు తిరిగితే, యూనిట్‌కు 3.5 మైళ్ల చొప్పున కారుకు 2,000 యూనిట్లు. ఇంట్లో మిగతా వాడకం 2,700 యూనిట్లు, ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో సగటు కుటుంబానికి తీసుకున్న అంకె ఇదే. సులువు కోసం ఇదంతా పగటి రేటులోనే వేద్దాం. ఉచిత చార్జర్ టారిఫ్‌లో రాత్రి 9 పెన్సులు, పగలు 29. వేరే టారిఫ్‌లో రాత్రి 7, పగలు 26. కారు మీద తేడా 40 పౌండ్లు, ఇంటి మీద 81. ఏడాదికి 121, రెండేళ్ల కాంట్రాక్టుకు 242. చార్జర్ విలువ వెయ్యి కాబట్టి ఇలాగైతే ఆఫర్ నిజంగా మంచిదే, తీసుకోండి.

అందరూ రాత్రి రేటే చూస్తారు, కానీ తేడా ఎక్కువగా వచ్చింది పగటి రేటు దగ్గర. ఇంట్లో నుంచే పనిచేసేవారు, ఇండక్షన్ స్టవ్, హీట్ పంప్ ఉన్నవారు 2,700కు బదులు తమ బిల్లులో ఉన్న అంకె వేసుకోవాలి. వాడకంతో సంబంధం లేకుండా కట్టే స్టాండింగ్ చార్జ్ రోజుకు 10 పెన్సులు ఎక్కువైనా ఏడాదికి 36 పౌండ్లు దాటుతుంది. రేటు ఫిక్స్‌డా, మారేదా అన్నది ఇంకా ముఖ్యం. రేటు ఎప్పుడైనా పెంచే హక్కు కంపెనీకి ఉండి, వదిలి వెళ్లే హక్కు మనకు లేని ఒప్పందమైతే, నా మటుకు నేను వద్దనే చెబుతాను.

తర్వాత ‘స్టాండర్డ్ ఇన్‌స్టలేషన్’ అంటే వాళ్ల ఉద్దేశం ఏమిటో చదవండి. సాధారణంగా కొద్ది మీటర్ల కేబుల్, గోడకు ఒక రంధ్రం వరకే ఉచితం. మీటరు ఇంటి ముందు, పార్కింగ్ వెనక ఉంటే అదనపు కేబుల్‌కు, నేల తవ్వకానికి, పాత ఫ్యూజ్ బాక్స్ మార్చడానికి బిల్లు మనదే. మీటరు, ఫ్యూజ్ బాక్స్, కారు నిలిపే చోటు ఫొటోలు పంపి, మొత్తం ఖర్చు రాతపూర్వకంగా తెప్పించుకోండి. పాత టెర్రస్డ్ ఇళ్లలో పక్కింటితో కలిసిన కరెంటు లైను ఉండొచ్చు, దాన్ని లూప్డ్ సప్లై అంటారు. దాన్ని విడదీయాల్సింది స్థానిక నెట్‌వర్క్ సంస్థ: ఈస్ట్ లండన్‌లో యూకే పవర్ నెట్‌వర్క్స్, రెడింగ్‌లో ఎస్‌ఎస్‌ఈఎన్. దీనికి సమయం పడుతుంది. ఆఫర్ గడువు ఆలోపే ముగిసిపోతుందేమో అడగండి.

మన తెలుగువాళ్లలో అద్దె ఇళ్లలో ఉండేవారు, ప్రాజెక్టును బట్టి ఊరు మారేవారు ఎక్కువ. వాళ్లు ఇల్లు మారితే ఏమవుతుందో ముందే అడగాలి. చార్జర్ ఎవరి సొత్తు? మిగిలిన నెలలకు డబ్బు కట్టాలా? ఇండియాకు తిరిగి వెళ్తే? ఫోన్‌లో చెప్పిన జవాబు సరిపోదు, ఈమెయిల్‌లో తీసుకోండి. ల్యాండ్‌లార్డ్ అనుమతి కూడా రాతలోనే ఉండాలి. విడి ఇళ్ల సొంతదారులకు ప్రభుత్వ చార్జర్ గ్రాంట్ 2022 మార్చి 31తో ఆగిపోయింది కానీ, అద్దెకుండేవారికి, ఫ్లాట్ల సొంతదారులకు మరో గ్రాంట్ పెట్టారు. మీకు వర్తిస్తే సొంతంగా కొనుక్కోవడమే మేలు కావచ్చు, ఆ లెక్క కూడా వేయండి.

2022 జూన్ 30 నుంచి గ్రేట్ బ్రిటన్‌లో అమ్మే హోమ్ చార్జర్లు, కరెంటు కంపెనీ మారినా, చౌక వేళ చూసి తానే చార్జ్ చేయడం లాంటి స్మార్ట్ సౌకర్యాలు కోల్పోకూడదని నిబంధన ఉంది. అయినా కొన్ని స్మార్ట్ టారిఫ్‌లు ఎంపిక చేసిన చార్జర్లకో, కార్లకో మాత్రమే పనిచేస్తాయి. ఇచ్చే మోడల్ పేరు కనుక్కుని, ఇతర కంపెనీల జాబితాల్లో ఉందో లేదో చూడండి. స్మార్ట్ మీటరు లేకపోతే ముందు దానికి అప్లై చేయండి.

ఆన్‌లైన్‌లో, ఫోన్‌లో చేసుకున్న ఒప్పందాన్ని సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. ఆలోపే చార్జర్ బిగించమని మీరే అడిగితే ఆ ఖర్చు మీమీద పడొచ్చు, కాబట్టి షరతులు పూర్తిగా చదివాకే తేదీ ఇవ్వండి. ఫిక్స్‌డ్ టారిఫ్ చివరి 49 రోజుల్లో, ముందే వదిలి వెళ్తున్నందుకు వేసే ఎగ్జిట్ ఫీజు వేయకూడదు. ఆ తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. చార్జర్ తాలూకు బాకీ ఆ ఫీజుతో సంబంధం లేకుండా విడిగా ఉందేమో కాంట్రాక్టులో ఇప్పుడే చూసి, ఆ పేజీని ఫొటో తీసి దాచుకోండి.