ఛార్జర్ పెట్టగానే కర్సర్ గంతులేస్తోందా? టచ్‌ప్యాడ్ మార్చకముందు ప్లగ్గు చూడండి

వేలు ఆనించకముందే బాణం గుర్తు ఎగిరిపోతుంది. క్లిక్ చేయకుండానే ఫైళ్లు తెరుచుకుంటాయి. తిరుపతిలో లాప్‌టాప్‌లు బాగుచేసే మా బల్ల దగ్గరికి ఎప్పుడూ వచ్చే ఫిర్యాదే ఇది. వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే విండోస్ మళ్లీ వేయించి ఉంటారు, కొందరు డబ్బు పోసి టచ్‌ప్యాడే మార్పించి ఉంటారు. "ఛార్జర్ పీకి చూశారా సార్?" అనడిగితే మాత్రం లేదంటారు. పది సెకన్ల పని. డ్రైవర్ల జోలికి వెళ్లకముందు అది చేయండి.

దానికంటే ముందు తప్పు మౌస్‌దా, టచ్‌ప్యాడ్‌దా తేల్చుకోవాలి. మౌస్ పీకేయండి, వైర్‌లెస్ అయితే రిసీవర్ కూడా తీసేయండి. కర్సర్ కుదురుకుంటే తప్పు మౌస్‌దే. తిరగేసి సెన్సర్ రంధ్రంలో వెంట్రుక ఉందేమో చూడండి. గాజు బల్ల మీదో, నిగనిగలాడే గ్రానైటు మీదో వాడుతుంటే కింద ఒక నోటుపుస్తకం పెట్టండి. వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌ని యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు పక్కనే గుచ్చితే కూడా తడబడుతుంది. ఆ పోర్టు నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, మౌస్ పనిచేసేదీ అక్కడే. రిసీవర్‌ని రెండో వైపు పోర్టులోకి మార్చండి.

టైపు చేసేటప్పుడు మాత్రమే కర్సర్ పై లైనులోకి దూకుతుంటే అది అరచేయి తగలడం. సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ తగ్గిస్తే సరిపోతుంది.

ఇక అసలు సంగతి. ఛార్జర్ పెడితే గంతులు, పీకితే బుద్ధిగా ఉంటుందా? అయితే లాప్‌టాప్‌ని అనుమానించకండి. ఎర్తింగ్‌ని, అంటే ప్లగ్గు లావు పిన్ను నుంచి భూమిలోకి వెళ్లే దారిని, అనుమానించండి.

అడాప్టర్‌లో మెయిన్స్ వైపునీ లాప్‌టాప్ వైపునీ కలుపుతూ చిన్న కెపాసిటర్లు (విద్యుత్ చార్జిని నిలవ ఉంచే భాగాలు) ఉంటాయి. విద్యుత్ రొదని ఎర్తులోకి పంపడానికి పెట్టినవి అవి. ఎర్తు లేకపోతే ఆ రొద లాప్‌టాప్ బాడీ మీదే నిలుస్తుంది. మీటరు పెడితే బాడీకీ నేలకీ మధ్య వంద వోల్టుల దాకా చూపించొచ్చు. కరెంటు అతి స్వల్పం కాబట్టి ప్రమాదం ఉండదు గానీ, మెటల్ బాడీ మీద వేలు మెల్లగా రాస్తే జుమ్మంటుంది. టచ్‌ప్యాడ్ చేసే పని వేలి వల్ల కెపాసిటెన్స్‌లో (చార్జిని నిలుపుకునే గుణంలో) వచ్చే అతి చిన్న మార్పుని కొలవడం. ఈ రొదలో ఆ కొలత తప్పుతుంది, ఒక వేలు మూడు వేళ్లలా కనబడుతుంది. నాసిరకం ఛార్జర్ పెట్టినప్పుడు ఫోన్ టచ్ పిచ్చిగా ఆడటం చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే జబ్బు.

నిర్ధారణకి ఇంకో పరీక్ష ఉంది. ఛార్జర్ పెట్టే ఉంచి, ఎడమ అరచేతిని లాప్‌టాప్ మెటల్ భాగం మీద ఆనించి, కుడి వేలితో కర్సర్ జరపండి. చేయి ఆనించినంతసేపూ కుదురుగా ఉండి, తీయగానే మళ్లీ గంతులేస్తే ఎర్తింగ్ లోపం దాదాపు ఖాయం.

ఇప్పుడు ప్లగ్గు దగ్గరికి రండి. త్రీపిన్ ప్లగ్గుకి టూపిన్ కన్వర్టర్ తగిలించారా? పై లావు పిన్ను విరగ్గొట్టి ఉందా? పిల్లలు అద్దెకుండే మేడ మీది గదుల్లో ఈ రెండూ మామూలే. అవి లేకపోయినా సాకెట్‌ని నమ్మకండి. మూడు రంధ్రాలున్నంత మాత్రాన పై రంధ్రానికి వైరు ఉందని కాదు, ఉన్నా అది భూమి దాకా చేరిందని కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరు పెట్టించండి. ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కీ (తిరిగి వెళ్లే వైరు) మధ్య సుమారు 230 వోల్టులు, ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులు రావాలి. ఆ తర్వాత ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు వెలిగించి చూడమనండి. గుడ్డిగా వెలిగితే ఎర్తు పేరుకే ఉంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో ఈ పరీక్షకి అది పడిపోతుంది, కంగారు వద్దు.

మన చిత్తూరు, తిరుపతి నేలలకి ఇంకో చిక్కుంది. ఏప్రిల్, మే ఎండలకి ఎర్త్ గుంత (ఎర్తు వైరు భూమిలోకి దిగే చోటు) ఎండిపోతుంది, తడి లేని మట్టి కరెంటుని సరిగ్గా లాగదు. వానల్లో బాగుండి వేసవిలో మొదలయ్యే గంతులకి ముందు ఆ గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోసి చూడండి. అప్పటికీ తేడా రాకపోతే బొగ్గు, ఉప్పు వేసి గుంత కొత్తగా కట్టించాలి.

ఒక్కటి మాత్రం చేయనివ్వకండి: సాకెట్ లోపల ఎర్తుని న్యూట్రల్‌కి కలిపేయడం. కర్సర్ కుదురుకుంటుంది, నిజమే. కానీ ఏ రోజైనా న్యూట్రల్ తెగితే ఆ లైనులో ఉన్న ఇనప వస్తువులన్నిటికీ ఫేజు వచ్చేస్తుంది. ప్రాణాలు పోతాయి.

ఎర్తింగ్ బాగానే ఉండి ఇంకా గంతులేస్తుంటే అడాప్టర్ నకిలీదేమో అనుమానించండి. చవక రకాల్లో ఫిల్టరు భాగాలు ఎగ్గొడతారు. లాప్‌టాప్ కంపెనీ అడాప్టర్ ఒకటి అరువు తెచ్చి పోల్చి చూశాకే కొనండి.

ఛార్జర్ పీకినా తగ్గక, టచ్‌ప్యాడ్ ఒక వైపు పైకి లేచినట్టుంటే, నొక్కితే క్లిక్ పడకపోతే, కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే ఆఫ్ చేసి బ్యాటరీ తీయించండి. నొక్కి సర్దకండి, గుచ్చకండి, నిప్పంటుకోవచ్చు.

ఇవేవీ కాకపోతే, టచ్ స్క్రీన్ ఉంటే విండోస్ డివైస్ మేనేజర్‌లో దాన్ని ఆపి చూడండి. కీబోర్డు మధ్య ఎర్ర బొడిపె ఉన్న మోడళ్లలో కర్సర్ దానంతటదే ఒక పక్కకి జారితే కాసేపు చేయి తీసేయండి, సర్దుకుంటుంది. వైరస్ అనుమానం అరుదుగానే నిజమవుతుంది. కర్సర్ వణకకుండా, ఎవరో నడిపిస్తున్నట్టు నేరుగా మెనూల మీదికి వెళ్తుంటే మాత్రం ఇంటర్నెట్ ఆపి, రిమోట్ యాప్‌లు ఉంటే తీసేయండి. ఆ సమయంలో బ్యాంకు పేజీ తెరిచి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.