డ్రైసూట్ చిన్న మార్పులకు షాపు అడిగే డబ్బు న్యాయమేనా? బిల్లు ఎలా చూడాలి

"మెడ సీల్ కాస్త కత్తిరించినందుకు 35 డాలర్లు తీసుకున్నారక్కా. పట్టుమని పది నిమిషాల పని కూడా కాదు." సియాటిల్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ డైవింగ్ నేర్చుకున్న మన నెల్లూరు, కావలి పిల్లలు ఫోన్ చేసినప్పుడు ఎక్కువగా వినే మాట ఇదే. మెడ సీల్ అంటే, చల్లని నీళ్లలో డైవింగ్‌కు వేసుకునే డ్రైసూట్‌లోకి నీళ్లు రాకుండా మెడ చుట్టూ బిగిసి ఉండే రబ్బరు పట్టీ. మా ఆయన ఉద్యోగం అక్కడ ఉన్నన్నాళ్లూ నేనొక డైవ్ షాపులో రిపేరు బల్ల దగ్గర పనిచేశాను. ఇప్పుడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో అమ్మ టైలరింగ్ షాపు చూసుకుంటున్నాను. ఈ పని రెండు వైపుల నుంచీ తెలుసు కాబట్టి రాస్తున్నాను. బిల్లు న్యాయమో కాదో నిమిషాలు లెక్కపెట్టి తేల్చొద్దు. చేసిన పని చెడితే మళ్లీ సరిచేసుకునే వీలుందా, చెడితే ఆ నష్టం ఎవరు భరిస్తారు, ఈ రెండూ అడగండి. చాలా వరకు జవాబు అక్కడే దొరుకుతుంది.

నెల్లూరు దగ్గర మైపాడులో నీళ్లలోకి దిగేవాళ్లకు డ్రైసూట్‌తో పనే లేదు, మన సముద్రం వెచ్చగా ఉంటుంది. సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్‌లో నీళ్లు ఏడాది పొడవునా సుమారు 7 నుంచి 13 డిగ్రీల మధ్యే. అక్కడ ఒంటికి నీళ్లు తగలకుండా, లోపల గాలి, వెచ్చని బట్టలు ఉండేలా డ్రైసూట్ వేసుకుంటారు. నీళ్లను ఆపేవి మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉండే సీళ్లు, ఒక వాటర్‌ప్రూఫ్ జిప్. "చిన్న మార్పులు" అంటే ముప్పాతిక వంతు వీటికి సంబంధించినవే.

ముందు మెడ సీల్ సంగతి, ఎందుకంటే గొడవలన్నీ దీని దగ్గరే వస్తాయి. లేటెక్స్ (సన్నని, సాగే రబ్బరు) సీల్ పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. కొత్తది దాదాపు అందరికీ బిగుతుగానే ఉంటుంది, కొన్నవాళ్ల మెడను బట్టి కత్తిరించుకోవాలనే అలా తయారుచేస్తారు. చాలా సీళ్ల మీద చుట్టూ గీతలు అచ్చుపడి ఉంటాయి. ఒక గీత వెంట ఒక సన్నని రింగు తీయాలి, తొడిగించి చూడాలి, చాలకపోతే ఇంకొకటి తీయాలి. కత్తెర ఒకే ఊపులో చుట్టూ పోవాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టిన చోట అంచుకు గాటు పడితే, రేపు తల దూర్చేటప్పుడు అక్కడి నుంచే చిరుగుతుంది. ఒక రింగు ఎక్కువ తీస్తే సీల్ వదులై నీళ్లు లోపలికి వస్తాయి. అప్పుడు పాతది పీకాలి, గ్లూ అంతా గీకాలి, కొత్తది అంటించి ఆరబెట్టాలి. ఆ ఖర్చు ముందు 35 డాలర్లు ఏ మూలకీ రావు.

మా షాపులో జాకెట్టు లూజు చెయ్యమని తెస్తే అమ్మ కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి సర్దుతుంది. మరీ లూజైతే మళ్లీ కుట్టు వేస్తుంది. సరిదిద్దుకునే వీలుంది కాబట్టే 50 రూపాయలతో సరిపెట్టుకుంటుంది. లేటెక్స్‌లో వదిలిన గుడ్డ అంటూ ఏమీ ఉండదు, పోయిన రింగు పోయినట్టే. అందుకని కత్తెర పట్టకముందే కౌంటర్ దగ్గర అడగండి: "మీ వల్ల ఎక్కువ తెగితే కొత్త సీల్ మీ ఖర్చుతో వేస్తారా?" వేస్తామంటే 35 డాలర్లు న్యాయమే, నా లెక్కలో. మాకు సంబంధం లేదంటే మాత్రం ఆ డబ్బు ఇవ్వకండి. రిస్క్ అంతా మీదే అయినప్పుడు, తెలిసిన డైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లోనే కత్తిరించుకోవచ్చు.

ఆ డబ్బులో కొలత చూడటం కూడా ఉండాలి. లోపల వేసుకునే బట్టలతో సహా సూటు తొడిగించి, కనీసం పది నిమిషాలు మిమ్మల్ని అలాగే ఉంచాలి. తల అటూ ఇటూ తిప్పండి, వంగండి, మాట్లాడండి. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులుంటాయి. సీల్ అక్కడ గట్టిగా నొక్కితే రక్తపోటు పెరిగిందని శరీరం పొరబడి గుండె వేగం తగ్గిస్తుంది. కళ్లు తిరుగుతాయి, స్పృహ కూడా తప్పొచ్చు. నీళ్ల కింద అలా జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ పరీక్ష చెయ్యకుండా కత్తిరించి చేతికిచ్చే షాపుకు 10 డాలర్లు ఇచ్చినా ఎక్కువే. నియోప్రీన్ (మందంగా ఉండే నురగ రబ్బరు) సీల్ అయితే మొదటే కత్తెర జోలికి పోనివ్వకండి. మెడ కన్నా కాస్త లావుగా, నున్నగా ఉన్న గిన్నెకో సిలిండర్‌కో తొడిగి రాత్రంతా ఉంచితే సాగుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక అసలు డబ్బే ఇవ్వనక్కర్లేని పనులు. ఇత్తడి పళ్ల జిప్‌కు బయటి వైపు పళ్ల మీద మైనం రుద్దడం ఇంట్లో చేసుకునే పని. ప్లాస్టిక్ జిప్ అయితే కంపెనీ ఇచ్చిన గ్రీజు, అది మూసుకునే చివర దగ్గర కొంచెం పెడితే చాలు. ఒక అబ్బాయి బిల్లులో "జిప్ సర్వీస్" అని 25 డాలర్లు కనిపించింది. చేసిందల్లా మైనం రుద్దడం. వెళ్లి ఏం చేశారో చెప్పమని అడుగు అన్నాను. అడిగితే తీసేశారు. ఎడమ చెయ్యి పైభాగాన ఉండే గాలి వదిలే వాల్వ్‌లోంచి నీళ్లు కారుతుంటే, లోపలి బట్టల నూలుపోగో ఇసుక రేణువో ఇరుక్కుని ఉంటుంది. గోరువెచ్చని మంచినీళ్లలో నానబెట్టి కడిగి చూడండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది. లేటెక్స్ సీళ్లకు వాసన లేని టాల్కం పౌడరు వాడండి. మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట: తలకు కొబ్బరి నూనె రాసుకుని సీల్‌లో తల దూర్చకండి. నూనె లేటెక్స్‌ను పాడుచేస్తుంది. సూటును ఎండలో ఆరేయడం కూడా అంతే.

రొమ్ము మీద ఉండే గాలి నింపే వాల్వ్ విషయంలో మాత్రం బేరం ఆడకండి. ఉప్పు పట్టి అది నొక్కినచోటే ఉండిపోతే సూట్లోకి గాలి ఆగకుండా వస్తుంది, మనిషి అదుపు తప్పి పైకి లేచిపోతాడు. 10 మీటర్ల లోతులో ఉన్న గాలి, పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. అంటే పైకి పోయేకొద్దీ వేగం ఇంకా పెరుగుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఇది. వాల్వ్ ఒక్కసారి అంటుకున్నా షాపుకు ఇవ్వండి, అడిగింది ఇవ్వండి. గ్లూతో చేసే పనులూ అంతే. సీల్ మార్చాలన్నా, సూటుకు అంటించి ఉండే బూటు సైజు మార్చాలన్నా పని గంటదే కావచ్చు, ఆరేదాకా బల్ల ఖాళీ ఉండదు. జిప్ మార్చడం అన్నిటికన్నా ఖరీదైన పనుల్లో ఒకటి, టెన్షన్ పడకుండా రెండు షాపుల్లో ధర కనుక్కోండి.

కొత్త సూటు కొనేటప్పుడే ఒక మాట అనుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. అదే షాపులో కొంటున్నారు కాబట్టి మొదటిసారి మెడ, మణికట్లు సరిచేయడం ధరలోనే కలపమనండి, బిల్లు మీద రాయించండి. డబ్బు కట్టేశాక అడిగితే ఎవరికీ చెవికెక్కదు. ఆన్‌లైన్‌లో చౌకగా కొని, ఆ సూటును వీధి చివరి షాపుకు తీసుకెళ్లి ఉచితంగా కత్తిరించమనడం మాత్రం నాకు నచ్చదు. వాళ్లకు అద్దె ఉంటుంది, పనివాళ్ల జీతం ఉంటుంది. పాత సూటైతే ఇంకో సంగతి. కొన్ని షాపులు ఎంత చిన్న పనికైనా ఇంత అని కనీస చార్జీ పెడతాయి. కాబట్టి మెడకు ఒకసారి, వాల్వ్‌కు ఒకసారి తిరగకుండా అన్నీ కలిపి ఒకేసారి ఇవ్వండి. బిల్లులో కూలి, సామాను, లీక్ టెస్ట్ వేరువేరుగా రాయమనండి. లీక్ టెస్ట్ అంటే మెడ, మణికట్లు మూసి, సూటులో గాలి నింపి, సబ్బునీళ్లు పూసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడటం. సీల్ మార్చాక ఈ టెస్ట్ చేయకపోతే పని పూర్తయినట్టు కాదు. దానికి విడిగా డబ్బు అడిగితే ఎందుకని నిలదీయండి.

మణికట్టు దగ్గర తడి వస్తోందని ఇంకా కత్తిరించమనేవాళ్లు ఉన్నారు. కత్తిరిస్తే సీల్ ఇంకా వదులవుతుంది. సన్నని చేతులున్నవాళ్లకు, మన ఆడపిల్లల్లో చాలామందికి, పిడికిలి బిగించినప్పుడు కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు పైకి తేలి పక్కన సన్నని దారులు ఏర్పడతాయి. నీళ్లు అందులోంచి పాకుతాయి. షాపు తప్పు కాదది, సీల్ తప్పూ కాదు. సీల్‌ను మణికట్టు ఎముక దాటించి కాస్త పైకి, చెయ్యి గుండ్రంగా ఉన్న చోటికి జరపండి. కెమెరా పట్టుకున్నా, తాడు లాగినా మణికట్టు మరీ వంచకండి. అప్పటికీ తడి ఆగకపోతే చిన్న సైజు సీల్ వేయించుకోండి.