బ్రేకు వేడి, ట్యూబులో గాలి: సైకిలు తొక్కేవారు చూసుకోవలసినవి

గోదావరి డెల్టాలో సైకిలు తొక్కేవారికి బ్రేకు వేడితో పెద్దగా ఇబ్బంది రాదు. కాలువ గట్ల మీదా, కొబ్బరి తోటల మధ్యా సాగే దారులు చదునుగా ఉంటాయి. బ్రేకు పట్టేది రెండు మూడు క్షణాలే కనుక రిమ్ముకు అంటిన కాస్త వేడి వెంటనే చల్లారిపోతుంది. ఇక్కడ టైరును ఎక్కువగా పాడుచేసేది గాలి చాలకపోవడం.

ఎండకు ట్యూబు పేలుతుందన్న భయంతో వేసవిలో కావాలని గాలి తక్కువగా కొట్టించుకునేవారు ఉన్నారు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 50 పీఎస్‌ఐ నింపిన టైరు 60 డిగ్రీలకు వేడెక్కినా లోపలి పీడనం సుమారు 56కు చేరుతుంది, అంతే. మంచి టైరుకు అది లెక్కలోనిది కాదు. ఎండలో పేలిన టైరును విప్పి చూస్తే చాలావరకు పక్క గోడ చిట్లి ఉండడమో, అంచు రిమ్ములో సరిగా కూర్చోకపోవడమో కనిపిస్తుంది. గాలి తగ్గిస్తే మాత్రం గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచుల మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పైగా గట్టిగా బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జారి, ట్యూబును వెంట లాగి, వాల్వు మొదలును చించుతుంది. వాల్వు ఒక పక్కకు వాలి కనబడితే అదే గుర్తు. గాలి తీసి, టైరు సర్ది, మళ్లీ నింపాలి.

టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ పీడనాన్ని దాటకూడదు. పాత పద్ధతి రబ్బరు గొట్టపు వాల్వు ఉన్న ట్యూబుల్లో మీటరు అంకెను పూర్తిగా నమ్మలేము కనుక, మనిషి ఎక్కి కూర్చున్నాక టైరు అడుగు కొద్దిగానే అణుగుతోందో లేదో చూసుకోవాలి. క్యారియర్ మీద కొబ్బరికాయల బస్తా వేసేవారు వెనుక చక్రానికి మరికాస్త గాలి పెట్టించాలి.

డెల్టా దాటి మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకు వెళ్లేవారి సంగతి వేరు. మనిషి, సైకిలు కలిసి 85 కిలోలనుకుంటే, నిట్టనిలువు కొలతలో 100 మీటర్లు దిగేసరికి విడుదలయ్యే శక్తి సుమారు 83 కిలోజౌళ్లు, అంటే పావు లీటరు నీటిని మరిగించడానికి చాలినంత. ఎదురుగాలి పంచుకోగా మిగిలినదంతా బ్రేకు రబ్బర్లూ రిమ్ములూ భరించవలసిందే. రిమ్ము బాగా కాగితే ప్యాచ్ అంటు సడలవచ్చు, రిమ్ములోని స్పోకు రంధ్రాలను కప్పే పట్టీ మెత్తబడి ట్యూబు ఆ రంధ్రాల్లోకి ఉబకవచ్చు, గరిష్ఠ పీడనం దాకా గాలి నింపిన టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు.

అందువల్ల రెండు బ్రేకులనూ కలిపి వాడాలి. వంపు ముందు గట్టిగా పట్టి, తిన్నని చోట వదిలేయాలి. మధ్యస్థ వేగంతో బ్రేకును ఒకే బిగువున పట్టుకుని దిగడం అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే అప్పుడు వేడి పుట్టడం ఎక్కువ, ఎదురుగాలి సాయం తక్కువ. బరువు ఉన్నా, రోడ్డు మీద నమ్మకం లేకపోయినా బాగా నెమ్మదిగా దిగి, దారిలో తరచు ఆగాలి. ఆగినప్పుడు రిమ్మును వేలితో ముట్టుకోకుండా, అరచేతిని దగ్గర పెట్టి సెగ చూస్తే చాలు. డిస్కు బ్రేకులున్న సైకిలులో వేడి డిస్కుకే పోతుంది కనుక టైరుకు ఈ బెడద ఉండదు.