పాస్‌వర్డ్ సరైనదే, అయినా లాగిన్ కావడం లేదా? డివైస్ సర్టిఫికెట్ చూడండి

ఆఫీసు పోర్టల్ తెరుచుకోకపోతే చాలామంది ముందు పాస్‌వర్డ్ మారుస్తారు. డివైస్ సర్టిఫికెట్, అంటే మీ కంప్యూటర్‌కు ఆఫీసు ఇచ్చిన డిజిటల్ గుర్తింపు కార్డు, అడిగే చోట దానివల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ సర్వర్ ముందుగా గుర్తుపట్టాలనుకునేది మీ కంప్యూటర్‌ని.

సమస్య: నిన్నటిదాకా పనిచేసింది, ఈరోజు చెల్లదంటోంది
ముందు గడియారం చూడండి. తేదీ తప్పితే, సర్వర్ చూపించే సర్టిఫికెటే మీ బ్రౌజర్‌కు చెల్లనిదిగా కనిపిస్తుంది. సమయాన్ని ఆటోమేటిక్‌గా పెడితే సరిపోతుంది. గడియారం సరిగానే ఉంటే, మీ సర్టిఫికెట్ గడువు తీరి ఉండొచ్చు. దీర్ఘ సెలవులో ల్యాప్‌టాప్ మూసి ఉంచితే దానంతటదే జరగాల్సిన రెన్యువల్ జరగదు. ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపి కాసేపు వదిలేయండి. బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్‌కూ అదే సర్టిఫికెట్ కావాల్సి వస్తే మాత్రం ఐటీ విభాగమే దిక్కు.

సమస్య: సర్టిఫికెట్ ఉంది, బ్రౌజర్ మాత్రం దాన్ని చూపించడం లేదు
ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. విండోస్‌లో సర్టిఫికెట్‌ను తెరిచి, జనరల్ ట్యాబ్‌లో అడుగున చూడండి. చిన్న తాళంచెవి బొమ్మ, పక్కనే ప్రైవేట్ కీ (సర్టిఫికెట్ మీదేనని రుజువు చేసే రహస్య కోడ్) ఉందన్న వాక్యం కనిపించాలి. మ్యాక్‌లోనైతే కీచైన్ యాక్సెస్‌లో సర్టిఫికెట్ పక్కనున్న బాణం నొక్కితే కింద కీ కనిపించాలి. లేదంటే మీ దగ్గరున్నది తాళంచెవి లేని తాళం. పాత ల్యాప్‌టాప్ నుంచి సర్టిఫికెట్ ఫైలును మాత్రమే కాపీ చేసుకున్నవారికి జరిగేది ఇదే. కీలను భద్రంగా దాచడానికి కంప్యూటర్‌లో ఉండే టీపీఎం చిప్‌లో ఆ కీ తయారై ఉంటే మామూలుగా బయటికి రాదు, రాకూడదు కూడా. మదర్‌బోర్డు మార్చినా, టీపీఎం క్లియర్ చేసినా ఆ కీ పోయినట్టే. దాన్ని వెతుకుతూ కూర్చోవద్దు. పాత సర్టిఫికెట్ తీసేయించి, కొత్తగా జారీ చేయించుకోండి.

కీ ఉన్నా బ్రౌజర్‌లో సర్టిఫికెట్ కనిపించకపోతే, అది విండోస్‌లో మొత్తం కంప్యూటర్‌కు చెందిన సర్టిఫికెట్లు ఉండే కంప్యూటర్ స్టోర్‌లో చేరిందేమో చూడండి. బ్రౌజర్ సాధారణంగా వెతికేది మీ ఒక్క ఖాతాకు చెందిన యూజర్ స్టోర్‌లో.

సమస్య: పొరపాటున వేరే సర్టిఫికెట్ ఎంచుకున్నారు, లేదా క్యాన్సిల్ నొక్కారు
బ్రౌజర్ ఆ నిర్ణయాన్ని గుర్తుపెట్టుకుంటుంది. బ్రౌజర్‌ను పూర్తిగా మూసేసి మళ్లీ తెరవండి.

సమస్య: ఇంట్లో పనిచేస్తుంది, మరో నెట్‌వర్క్‌లో చేయదు
ఫోను హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. దానిమీద లాగిన్ అయితే, ఆ నెట్‌వర్క్‌లో మీకూ సర్వర్‌కూ మధ్యనున్న ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ ఎన్‌క్రిప్షన్‌ను విప్పి చూస్తోందని అనుమానించాలి. ప్రాక్సీ దగ్గర మీ ప్రైవేట్ కీ ఉండదు కనుక మీ తరఫున అది సర్వర్‌కు రుజువు ఇవ్వలేదు. పోర్టల్ చిరునామాకు ఆ తనిఖీ నుంచి మినహాయింపు ఇవ్వమని నెట్‌వర్క్ బృందాన్ని అడగండి.