ఊబకాయం ముప్పు ముందే కనిపెట్టడం – పాఠం 3: అంకెలన్నీ ఒకే కాగితం మీద

పోయిన రెండు పాఠాల్లో బీఎమ్ఐ (కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) లెక్క, నడుము కొలత విడివిడిగా నేర్చుకున్నాం. ముందుకెళ్లే ముందు నడుము కొలత సరిగ్గా తీశారో లేదో చూసుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో టేపు పెట్టాలి, మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి, పొట్ట లోపలికి లాక్కోకూడదు. ప్యాంటు సైజు రాసుకున్నవాళ్లు అది కొట్టేసి మళ్లీ కొలవండి. చాలామంది ప్యాంటు బొజ్జ కిందకి కడతారు, ఆ సైజు ఏళ్ల తరబడి మారదు, బొజ్జ మాత్రం దాని పైనుంచి ముందుకొస్తూనే ఉంటుంది.

ఇవాళ్టి పని ఈ అంకెల్నీ, రక్త పరీక్ష రిపోర్టునీ, ఇంట్లోవాళ్ల ఆరోగ్యాన్నీ కలిపి చదవడం.

కలపడం ఎందుకంటే, 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో ఒకటి వచ్చింది, పుణె నుంచి చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ నుంచి జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎమ్ఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు పేరుకునే ఒళ్లు మనది, అందుకే మన దేశంలో 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని లెక్కేస్తారు, అంతర్జాతీయ లెక్కలో అవి 25, 30. 2025లో ఆ పత్రిక తరఫున నిపుణులు కూర్చిన లాన్సెట్ కమిషన్ కూడా మనిషికి ఊబకాయం ఉందో లేదో తేల్చడానికి బీఎమ్ఐ ఒక్కటే చాలదు, నడుము లాంటి ఇంకో కొలత కూడా చూడాలని చెప్పింది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఒంటి కొలతలు: బరువు, బీఎమ్ఐ, నడుము, నడుముని ఎత్తుతో భాగించిన అంకె. రెండో గడిలో లోపలి సంగతులు: పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), బీపీ. మూడో గడిలో వెనకటి సంగతులు: అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఆడవాళ్లకైతే కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా, రోజంతా కూర్చునే పనా, నిద్ర ఎంత, స్టెరాయిడ్ లాంటి మందులేమైనా వాడుతున్నారా.

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. బరువు పెరిగింది, బీఎమ్ఐ పెరిగింది, నడుము పెరిగింది, మూడు గుర్తులు కనబడ్డాయి అని కంగారు పడిపోతారు. ఒకే ఇంట్లో ముగ్గురు వచ్చి ఒకే మాట చెబితే మూడు సాక్ష్యాలు అవుతాయా? ఒక గడిలోంచి ఎన్ని అంకెలు చెడినా ఒక్క ఓటే ఇవ్వండి, వేరే గడి కూడా అదే మాట చెప్పినప్పుడు ఇంకో ఓటు కలపండి. (ఇది నా చేతి లెక్క, వైద్య సూత్రం కాదు, డాక్టర్ దగ్గరకి ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోడానికి చాలు.) చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2005లో ప్రకటించిన రిస్క్ స్కోరు చూడండి. అది షుగర్ ముప్పు కోసం చేసింది, కానీ పద్ధతి మనకి పనికొస్తుంది. వయసు, నడుము, శారీరక శ్రమ, తల్లిదండ్రుల షుగర్ చరిత్ర, ఈ నాలుగే, వందకి 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ముప్పు ఎక్కువ. నడుము పెట్టారు కదా, బరువు మళ్లీ పెట్టలేదు.

ఇక సాధన. ఇది పాఠం కోసం అల్లిన ఉదాహరణే. విజయవాడలో అకౌంటెంట్, 36 ఏళ్లు, ఎత్తు 170 సెం.మీ. మూడేళ్ల హెల్త్ చెకప్ రిపోర్టులు ఉన్నాయి. బరువు 66, 67, 68 కిలోలు. నడుము 83, 86, 89 సెం.మీ. ట్రైగ్లిజరైడ్స్ 118, 146, 172. హెచ్‌డీఎల్ 44, 41, 38. పరగడుపు షుగర్ 92, 95, 98. బీపీ పై అంకె 118, 122, 126. నాన్నకి షుగర్.

మూడో ఏడాది రిపోర్టు ఒక్కటే చూస్తే ఏమవుతుంది? నడుము మగవాళ్ల హద్దు 90 లోపే, షుగర్ 100 లోపే, బీపీ 130 లోపే, బీఎమ్ఐ 23.5 అంటే "కొంచెం ఎక్కువ, అంతే". ట్రైగ్లిజరైడ్స్ 150 దాటాయి, హెచ్‌డీఎల్ 40 కిందకి పడింది, అంటే మెటబాలిక్ సిండ్రోమ్ (షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే గుర్తుల గుంపు) అనడానికి కావలసిన అయిదింట్లో మూడు కాకుండా రెండే ఉన్నాయి. "ఆయిల్ తగ్గించండి" అని చెప్పి పంపేస్తారు. ఇప్పుడు మూడేళ్ల అంకెల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. రెండేళ్లలో బరువు 2 కిలోలే పెరిగింది, నడుము 6 సెం.మీ. పెరిగింది. ఒంటికి మామూలుగా బరువు పట్టిన తీరులా లేదు, కండ కరిగి ఆ చోట పొట్ట చుట్టూ కొవ్వు చేరుతోందేమో అని అనుమానించాలి. నడుము ఎత్తులో సగం దాటకూడదనుకుంటే ఈయనకి హద్దు 85, అది రెండో ఏడాదే దాటేసింది, అప్పటికి రక్త పరీక్ష రిపోర్టులో ఎర్రగీత ఒక్కటీ లేదు! మూడు గళ్లూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి కాబట్టి ఇప్పుడే ఫిజీషియన్‌ని కలవాలి, బీఎమ్ఐ 25 దాటేదాకా ఆగడం దండగ.

కొన్ని జాగ్రత్తలు. నడుములో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా టేపుదే కావచ్చు, కాబట్టి ఒకే మనిషి, ఒకే టేపు, ఉదయం పూట. ట్రైగ్లిజరైడ్స్ రాత్రి విందుకీ మందుకీ బాగా ఎగురుతాయి, పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఇచ్చిన శాంపిల్ అయితేనే పాతదాంతో పోల్చండి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో చేయించిన రిపోర్టు పక్కన పెట్టేయండి. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ లెక్క అసలు పనికిరాదు. కసరత్తు చేసి కండ పెంచినవాళ్లకి బీఎమ్ఐ 26 వచ్చి నడుము 80 ఉండొచ్చు, అక్కడ నడుమునే నమ్మండి.

ఇంటిపని: ఇంట్లో దొరికినన్ని పాత రిపోర్టులు వెతికి, ఏడాదికో వరుస చొప్పున మూడు గళ్లూ నింపండి. ఖాళీలుంటే ఖాళీగానే వదిలేయండి, ఊహించి రాయొద్దు. ఒక్క రిపోర్టే ఉన్నవాళ్లు ఇవాళ్టి నడుము, బరువు రాసుకుని మూడు నెలల తర్వాతి తేదీ పక్కన వేసుకోండి. పిల్లల అంకెలు ఈ కాగితంలో కలపకండి, వాళ్ల బీఎమ్ఐ వయసుతోపాటు మారుతుంది, పైగా చిన్నప్పుడు తగ్గిన బీఎమ్ఐ ఏ వయసులో మళ్లీ పైకి తిరుగుతుందన్నదే వాళ్ల దగ్గర పెద్ద గుర్తు. అయిదేళ్లు దాటిన పిల్లల బీఎమ్ఐకి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (పిల్లల డాక్టర్ల సంఘం) 2015 చార్టులు కావాలి. అవి చదవడం నాలుగో పాఠంలో.