క్యాంపస్‌లో ఎమర్జెన్సీ ప్లాన్ ఎలా తయారు చేసుకోవాలి?

చాలా యూనివర్సిటీల్లో ఎమర్జెన్సీ ప్లాన్ అంటే బీరువాలో పడుండే లావుపాటి ఫైలు. మంటలు లేచిన రోజు దాన్ని తీసి చదివే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే క్యాంపస్ మొత్తానికి పెద్ద ప్లాన్ ఉన్నా సరే, ప్రతి డిపార్ట్‌మెంటూ, ప్రతి హాస్టలూ తనకంటూ రెండు పేజీల ప్లాన్ రాసుకోవాలి.

ముందు ఏ పని ఆగకూడదో రాయండి. వరద, భూకంపం, సైబర్ దాడి అని ప్రమాదాల జాబితాతో మొదలుపెడితే అది తెగదు, పైగా ఏది వచ్చినా చివరికి మీకు ఎదురయ్యేవి మూడే: బిల్డింగ్‌లోకి వెళ్లలేకపోవడం, మనుషులు రాలేకపోవడం, సిస్టమ్స్ పనిచేయకపోవడం. ఒక్కో పని ఎదురుగా అది ఎన్ని గంటలు ఆగొచ్చో వేయండి. సర్టిఫికెట్ల పని నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, హాస్టల్లో తాగునీళ్లు ఒక్క పూట కూడా ఆగకూడదు.

ల్యాబ్ ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఎక్కువ సేపు కూర్చోవాలి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌నే తీసుకోండి, అందులో ఏళ్ల తరబడి చేసిన పరిశోధన తాలూకు శాంపిల్స్ ఉంటాయి. కరెంటు పోగానే లోపల ఎలా ఉందోనన్న టెన్షన్‌తో తలుపు తెరుస్తారు, ఆ తెరవడంతోనే చల్లదనం పోతుంది. కాబట్టి తలుపు మీద పెద్ద అక్షరాలతో 'తెరవొద్దు' అని, కింద ఇద్దరి ఫోన్ నంబర్లు, జనరేటర్ లైన్ ఉన్న ప్లగ్ ఎక్కడుందో, తప్పనిసరై మార్చాల్సివస్తే ముందు ఏ ర్యాక్ తీయాలో రాసి అంటించండి. చల్లదనం కోసం డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) తెస్తే గాలి ఆడే గదిలోనే వాడండి, అది కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది, మూసిన గదిలో ప్రాణానికే ప్రమాదం. ఇక జనరేటర్, స్విచ్ బోర్డులు బేస్‌మెంట్‌లో ఉంటే వాటిని పైకి మార్చమని ఇప్పుడే అడగడం మొదలుపెట్టండి. 2001 జూన్‌లో అల్లిసన్ తుపాను వరద అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్న వైద్య పరిశోధనా సంస్థల బేస్‌మెంట్లలోకి వచ్చి వేల ల్యాబ్ జంతువులు చనిపోయాయి, కరెంటూ పోయింది.

తర్వాత పేర్లు. ప్రతి పనికీ ముగ్గురు, వరుసలో. ఒక్కరి పేరే రాస్తే ఆయన సెలవులో ఉన్న రోజు మీకు ప్లాన్ లేనట్టే.

మెసేజ్‌లు ముందే రాసి పెట్టుకోండి. అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 2007 ఏప్రిల్ 16న ఉదయం 7:15 ప్రాంతంలో మొదటి కాల్పులు జరిగితే, క్యాంపస్‌కి మొదటి ఈమెయిల్ 9:26కి వెళ్లింది. ఆ తర్వాత పావుగంటలోపే ఇంకో బిల్డింగ్‌లో కాల్పులు మొదలై 30 మంది చనిపోయారు. కాబట్టి పైవాళ్లను అడగకుండా మెసేజ్ పంపే అధికారం ఎవరికుందో రాతపూర్వకంగా ఉండాలి. మెసేజ్ ఇలా ఉంటే చాలు: "సైన్స్ బ్లాక్‌లో మంటలు. వెంటనే బయటికి రండి. లిఫ్ట్ వాడొద్దు. గ్రౌండ్‌లో కలవండి. తర్వాతి మెసేజ్ 10:30కి."

డేటా మూడు కాపీలు, అందులో ఒకటి క్యాంపస్ బయట. బ్యాకప్ నుంచి ఒక ఫైలు నిజంగా వెనక్కి తెచ్చి చూడండి.

క్లాసుల సంగతి కూడా తేల్చుకోవాలి. 2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ యూనివర్సిటీ ఆ సెమిస్టర్ అంతా మూసేసి 2006 జనవరిలో తెరిచింది, ఈలోగా దాని విద్యార్థులు వేరే యూనివర్సిటీల్లో చదువుకున్నారు. 2011 ఫిబ్రవరి భూకంపం తర్వాత న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీలో టెంట్లలో పాఠాలు చెప్పారు. మీకు ఏది కుదురుతుందో, మార్కులు ఎలా వేస్తారో, ఇంటికి వెళ్లలేని విద్యార్థులను ఎక్కడ ఉంచుతారో ఇప్పుడే మాట్లాడుకోండి.

చివరగా డ్రిల్. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) లేని రోజు చేయండి, హాస్టల్లో ఒకసారైనా రాత్రిపూట చేయండి. వీల్‌చైర్‌లో ఉన్న విద్యార్థి మూడో అంతస్తు నుంచి ఎలా దిగాలో ఆ విద్యార్థినే అడిగి, సాయం చేసే ఇద్దరి పేర్లూ అక్కడే రాసుకోండి. డ్రిల్‌లో బయటపడిన ప్రతి లోపం పక్కన, దాన్ని సరిచేసేది ఎవరో, ఏ తేదీలోపో రాయండి.