మూడంతస్తుల మేడలో వైఫై: అంతస్తుకో యాక్సెస్ పాయింట్

భీమవరం, అమలాపురం వైపు మేడల్లో ఫైబర్ కనెక్షన్ సాధారణంగా కింది హాల్లోనే ఆగుతుంది. కాంక్రీటు శ్లాబు, అందులోని ఇనుప ఊచలు సిగ్నల్‌ని మింగేస్తాయి; 5 గిగాహెర్ట్జ్ వైఫై అయితే పైకి సరిగా ఎక్కదు. రిపీటర్ మీద డబ్బు తగలేయకండి. అది అందిన బలహీన సిగ్నల్‌నే మళ్లీ పంచుతుంది, వేగం సగానికి పడిపోవచ్చు.

అసలు పని కేబులే: అంతస్తుకో యాక్సెస్ పాయింట్ (కేబుల్లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టె) పెట్టి దానికి కేబుల్ ఇవ్వాలి. రూటర్ పక్కన పీఓఈ స్విచ్ (నెట్‌తో పాటు కరెంటునీ అదే కేబుల్లో పంపే పెట్టె) పెట్టి, అక్కణ్ణుంచి ప్రతి అంతస్తుకూ విడిగా క్యాట్‌6 నెట్‌వర్క్ కేబుల్ లాగండి. పూర్తి రాగిదే కొనండి. అల్యూమినియం మీద రాగిపూత వేసిన చవక రకంలో వోల్టేజీ పడిపోయి యాక్సెస్ పాయింట్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. కరెంటు వైర్ల పైపులో కలపొద్దు. గోడ బయటినుంచి తీసుకెళ్తే అవుట్‌డోర్ కేబుల్ వాడి, లోపలికొచ్చే చోట కిందికి చిన్న వంపు వదలండి. వాన నీరు అక్కడే కారిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఆరుబయట జాయింటు అసలొద్దు, పిన్నులు చిలుము పడతాయి.

యాక్సెస్ పాయింట్లు సీలింగ్ మధ్యలో బిగించండి. అన్నింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో అంతస్తుల వారీగా ఛానెళ్లు 1, 6, 11 పెట్టండి, ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డురాదు. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. పవర్ ఫుల్‌గా పెడితే ఫోన్ పైకెళ్లినా కింది సిగ్నల్‌నే పట్టుకు వేలాడుతుంది, మధ్యస్థంగా చాలు.

పాత రూటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా వాడుతుంటే దాని ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మెయిన్ రూటర్‌తో కలవకుండా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే పని) ఆపి, కేబుల్ ల్యాన్ పోర్టులో గుచ్చండి. స్విచ్‌నీ రూటర్‌నీ ఒకే యూపీఎస్‌కి తగిలిస్తే, యాక్సెస్ పాయింట్లు పీఓఈతో నడిచేవైతే కరెంటు పోయినా పై అంతస్తుల్లో నెట్ ఆగదు.